పాజ్ బటన్ మీద నా వేలు

సూర్యాపేటలో మా ఇంటి అటక మీది సూట్‌కేసు తెరిచినప్పుడల్లా కలరా ఉండల వాసన గుప్పుమంటుంది, దాని వెనకే పాత క్యాసెట్ల వాసన, కొంచెం పులిసినట్టు, కొంచెం తుప్పు పట్టినట్టు. అవి నాన్న రికార్డు చేసిన కచేరీలు. ఈ వేసవిలో వాటిని ఒక్కొక్కటీ ఫోన్లోకి ఎక్కించి, పాత పాటల వాట్సాప్ గ్రూపులో పెడుతున్నాను. మెచ్చుకోవడం మాట అటుంచి, "సౌండ్ క్లియర్‌గ లేదు మేడం, మంచిది పెట్టుండ్రి" అంటాడొకాయన, మంచిదేదో నేను దాచుకుని కూర్చున్నట్టు. చిరాకేస్తుంది. కానీ నా అసలు కోపం ఆయన మీద కాదు.

నాన్న బడిపంతులు. శ్రీరామనవమి వచ్చిందంటే టేప్ రికార్డరును దుప్పట్లో చుట్టి, నన్ను వెంటబెట్టుకుని మిర్యాలగూడ బస్సెక్కేవాడు. అక్కడొక రైస్ మిల్లు వాళ్లు వడ్లు ఆరబోసే గచ్చు మీద పందిరి వేసి, కల్యాణం అయ్యాక కచేరీ పెట్టించేవారు. ఉడికిన వడ్ల వాసన, పానకంలో మిరియాల ఘాటు, అరచేతి చెమటకు మెత్తబడే వడపప్పు, విసనకర్రలతో విసురుకుంటూ ముచ్చట్లాడే షావుకార్ల ఇళ్ల ఆడవాళ్లు, గచ్చు కాలుతున్నా లెక్కచేయక తొక్కుడుబిళ్ల ఆడే పిల్లలు. నాకు మాత్రం ఆటల్లేవు. నాకు ఉద్యోగం ఉంది.

పాడేది కోదాడ సుబ్బయ్య గారు. రోజూ కుట్టుమిషన్ తొక్కుకునే మనిషి, నవమికి మాత్రం హార్మోనియం ముందు కూర్చునేవారు. పాటకూ పాటకూ నడుమ ఏవేవో చెప్పేవారు, జనం కడుపుబ్బ నవ్వేవాళ్లు. నాన్నకు అది గిట్టేది కాదు. టేపు ఉన్నది పాట కోసమే గానీ ముచ్చట్ల కోసం కాదని ఆయన పట్టుదల. పాట ముగియగానే మోచేత్తో నన్ను పొడిచేవాడు, నేను పాజ్ నొక్కేదాన్ని, హార్మోనియం మొదలవగానే వదిలేదాన్ని. చప్పట్లు కూడా టేపులో పడనిచ్చేదాన్ని కాదు. ఇంటికొచ్చి విన్నాక "మంచిగ ఒత్తినవ్ బిడ్డా" అని నాన్న అంటే, ఆ పూట నాకు అన్నం కూడా అక్కర్లేకపోయేది.

పోయిన వారం, గ్రూపులో ఆ పాటలు విని, కోదాడ నుంచి సుబ్బయ్య గారి మనవరాలు ఫోన్ చేసింది. ఆ పిల్ల పుట్టకముందే ఆయన పోయారట.

"పాటలు బాగున్నాయక్కా. తాతయ్య మామూలుగా మాట్లాడింది ఏమైనా ఉందా? ఆ గొంతు ఎలా ఉండేదో నాకు తెలీదు."

రెండు రోజులు కూర్చుని ఆయన క్యాసెట్లన్నీ రెండు వైపులా విన్నాను. ఎక్కడా లేదు. అంత చక్కగా నొక్కానన్నమాట. నా పనితనం మీద నాకే ఒళ్లు మండింది. చివరికి ఒక్కచోట నా వేలు ఆలస్యమైంది. "అమ్మా, ఈ పాట నేను మొదట పాడింది..." అని సుబ్బయ్య గారి గొంతు, దాని మీదనే "ఒత్తు బిడ్డా" అని నాన్న గుసగుస, టక్కున ఆగిపోయింది. అన్ని క్యాసెట్లలోనూ నాన్న గొంతు కూడా అదొక్కటే.

అది పంపించాను. వెంటనే ఫోన్ మోగింది. ఏడుస్తున్నట్టుంది ఆ పిల్ల.

"తర్వాత ఏమన్నారక్కా? మీరు అక్కడే ఉన్నారుగా?"

ఉన్నాను, ఆయనకు బారెడు దూరంలో. ఆ గచ్చు మీద ఇప్పుడు గోదాములు లేచాయి. నాన్న లేడు, పందిట్లో నవ్వినవాళ్లు ఎక్కడున్నారో తెలియదు. అందరూ నవ్వడం గుర్తుంది, ఎందుకు నవ్వారో గుర్తులేదు.

"గుర్తులేదమ్మా" అన్నాను. జనమంతా ఆయన ముఖం చూస్తుంటే, నేను బటన్ మీది నా వేలినే చూస్తూ కూర్చున్నాను.