మంచినీళ్లకు పాడైన మడత సైకిలుతో రంగత్ నుంచి డాలీగంజ్‌కి

మడిచి బస్సులో పెట్టుకునే ఎలక్ట్రిక్ సైకిలుతో మన ద్వీపాల్లో తిరగాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నా ఎడమ కాలు చిన్నప్పటి నుంచి కాస్త పొట్టి. రెండు కిలోమీటర్లకు మించి నడవలేను. నా గది రంగత్ బజారులో ఉంది. నేను లైబ్రరీ చూసే బడి అక్కడికి ఆరు కిలోమీటర్లు, దారంతా సముద్రం పక్కనే. పొద్దున బస్సు వేళకు అందదు. రోజూ ఎవరినో బండి ఎక్కించుకోమని అడగడం నావల్ల కాదు. అందుకే ఈ సైకిల్ కొన్నాను. గత నెల అది దారిలో ఆగిపోయింది. మూడు వారాలు ఆలస్యంగా వెళ్లాక ప్రిన్సిపాల్ సిస్టర్ మెల్లగానే చెప్పారు: "సోమవారం నుంచి ఎనిమిదికల్లా రాగలిగితే రండి. లేకపోతే ఇంకొకరిని చూసుకుంటాం."

పోర్ట్ బ్లెయిర్ అంచున ఉన్న డాలీగంజ్‌లో దానియేలు అంకుల్ ఎలక్ట్రిక్ బళ్లు బాగుచేస్తారు. మా తెలుగు చర్చి పెద్ద ఆయన. ఇలాంటి బ్యాటరీలను విమానంలో ఎక్కించనివ్వరు కాబట్టి, నేను ఫోన్‌లో చెప్పింది విని కొత్త సామాన్లు చెన్నై ఓడలో తెప్పించి, శనివారం రమ్మన్నారు. ఉదయం ఐదింటికి రంగత్‌లో బస్సెక్కాను. కండక్టరు తెలుగువాడే.

"దీదీ, ఇది సైకిలా, సూట్‌కేసా?"

"సైకిలే."

"సైకిలైతే టాప్ మీద కట్టాలి. సూట్‌కేసైతే సీటు పక్కన పెట్టుకోవచ్చు. మళ్లీ అడుగుతున్నా, సోచ్‌కే బోలో, ఆలోచించి చెప్పు."

"సూట్‌కేస్," అన్నాను. ముందు సీటులో ఎవరో నవ్వారు. అడవి దారిలో బళ్లన్నీ గుంపుగా వెళ్లే కాన్వాయ్ కోసం ఆగి, మిడిల్ స్ట్రెయిట్‌లో బస్సుతో సహా పంటు మీద నీళ్లు దాటి, పన్నెండుకు చేరాం. ఆ రెండు రోజుల్లో నేను నవ్వింది ఆ బస్సులోనే.

అంకుల్ కంట్రోలర్ డబ్బా విప్పారు. బ్యాటరీ నుంచి మోటారుకు ఎంత కరెంటు వెళ్లాలో చూసే చిన్న డబ్బా అది. లోపల తీగల చివర్లు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. బ్యాటరీ కూడా అలాగే ఉంది.

"సముద్రం గాలికి పోయిందనుకున్నావా బేటీ? ఉప్పు బయటే కూర్చుంటది. దాన్ని లోపలికి మోసుకెళ్లింది నువ్వు కొట్టిన నీళ్లే. రోజూ కడుగుతావా?"

"రోజూ."

"ఎవరు నేర్పారమ్మా ఈ భక్తి?"

నేర్పింది నాన్న. ముప్పై ఏళ్లు ద్వీపాల మధ్య తిరిగే పడవల్లో ఇంజన్ చూశారు. 'సముద్రం చూసిన ఇనుము సాయంత్రానికి మంచినీళ్లు చూడాలి' అనేది మా ఇంట్లో ఆయన పెట్టిన నియమం. నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే ఇంట్లో కూడా దానికో బకెట్ వేరుగా ఉండేది.

పాత మోటారు ముప్పై ఆరు వోల్టులది. కొత్త బ్యాటరీ, కంట్రోలర్ కూడా అంతే ఉండేలా అంకుల్ తెప్పించారు. పని మూడు గంటలు పట్టింది. కూలితో కలిపి పదహారు వేల ఐదు వందలు. చివర తీగలు దూరే కన్నాల చుట్టూ గమ్ము పూశారు.

"ఇది ఆరడానికి ఒక రోజు పడతది. రేపు సాయంత్రం దాకా ఒక్క చుక్క తగలనీకు. సమ్‌ఝీ? ఇది పోతే మళ్లీ ఓడ రావాలి."

షెడ్డు ముందు నాలుగు చుట్లు తిప్పాను. మెత్తగా పరుగెత్తింది.

సాయంత్రం ఫెరార్గంజ్‌లో నాన్న ఉండే ఇంటికి వెళ్లాను. అన్నం తింటూ నాన్న అడిగారు, "ఏం పాడయిందంట?"

"పాతబడింది నాన్నా."

అసలు సంగతి అప్పుడే చెప్పాల్సింది. కానీ చెబితే, మీ నియమమే నా బండిని పాడుచేసిందని ఆయన ముఖం మీద అన్నట్టవుతుంది. పొద్దున వెళ్లేముందు ఇంకోలా చెబుదాంలే అనుకుని పడుకున్నాను.

నాలుగున్నరకు లేచి వరండాలోకి వచ్చాను. సైకిల్ మెరుస్తోంది. కింద నీళ్లు పారుతున్నాయి. నాన్న చేతిలో మగ్గు ఉంది, పక్కన బకెట్ ఖాళీగా ఉంది.

"రోడ్డంతా దుమ్మూ ఉప్పూ కదమ్మా. మూలమూలకీ కొట్టాను. ఈసారి ఎలా పాడవుతదో చూద్దాం."

"బాగుంది నాన్నా," అన్నాను.

ఐదింటి బస్సులో ఆ మడతల నుంచి నా చెప్పుల మీదకు నీళ్లు కారుతూనే ఉన్నాయి. చున్నీతో ఒత్తుతూ కూర్చున్నాను. మధ్యాహ్నం రంగత్ స్టాండులో సైకిల్ విప్పాను. సాయంత్రం దాకా ఆరనివ్వాలని తెలుసు, కానీ ఆగలేకపోయాను. స్విచ్ వేస్తే చక్రం అరచుట్టు తిరిగి ఆగింది. కాలిన వాసన వచ్చింది. అంకుల్‌కి ఫోన్ చేస్తే వచ్చే ఓడ ఎప్పుడో తనకే తెలియదన్నారు. సోమవారం నుంచి రాలేనని సిస్టర్‌కి రాసిన ఉత్తరం రెండు వాక్యాలే అయింది. ఆ తర్వాత నాన్న ఫోన్ చేశారు.

"నడుస్తోందా?"

"నడుస్తోంది నాన్నా."

మాట్లాడకపోతే ఎవరికీ నొప్పి కలగదని ఇన్నాళ్లూ అనుకున్నాను. చదువుకున్న చోట కూడా నెమ్మదిగా ఉండే పిల్లగా నన్ను మెచ్చుకునేవారు. ఆ మెప్పు నా ఆరు కిలోమీటర్లలో ఒక్కటి కూడా తగ్గించలేదు. నాన్న ఇప్పుడు ఆ బండి తిరుగుతోందనుకుని సంతోషంగా ఉంటారు. ఆయనకు నిజం ఎప్పుడు చెబుతానో నాకే తెలియదు.

మీకు చెప్పగలిగింది ఒక్కటే. కంట్రోలర్ మార్పించిన రోజు, ఇంట్లో అడుగుపెట్టగానే, చెప్పులు విప్పకముందే, దీనికి నీళ్లు తగలకూడదని అందరికీ చెప్పేయండి.