చింతపిక్కల ఓటు

ఆదిశేషు బోణీ కాకముందు ఎవరితోనూ మాట్లాడడు. బోణీ అయ్యాక ఎవరినీ మాట్లాడనివ్వడు. రాయగడ చింతపండు బజారులో ఆయన దుకాణం మీది మేడగదిలో నేను చాలాకాలంగా అద్దెకుంటున్నాను గనక ఈ రెండో ముక్క నాకు బాగా తెలుసు. మనిషి మంచివాడే, నోరే కాస్త దురుసు. వాళ్ల తాత సాలూరు నుంచి ఎడ్లబండి మీద ఉప్పు తెచ్చి ఇక్కడ అమ్మి, తిరుగు బండిలో చింతపండు పట్టుకెళ్లేవాడట. మనవడి కాలానికి బండి పోయింది, ఉప్పు పోయింది, చింతపండు మిగిలింది. కల్యాణసింగ్‌పూర్ వైపు కొండల నుంచి దిగిన కాయ కొని, పిక్క తీయించి, విజయనగరం లారీకెక్కిస్తాడు.

దుకాణం బోర్డు మీద మాత్రం ‘బుల్లి ట్రేడర్స్’ అని ఉంటుంది. బుల్లి ఆయన భార్య. పెళ్లయిన కొత్తలో, వ్యాపారం ఆవిడ జాతకం మీద పెడితే కలిసొస్తుందని సిద్ధాంతి చెప్పాడు. లైసెన్సు ఆవిడ పేర తీశారు. కలిసొచ్చింది కూడా.

ఆ బజారుకో వర్తక సంఘం, దానికో ప్రెసిడెంటు. దేశానికి ప్రెసిడెంటు ఎవరైనా మా బజారు పెద్దగా పట్టించుకోదు గానీ, సంఘం ప్రెసిడెంటు ఎవరన్నది పొద్దున్న లేస్తే తగిలే సంగతి. కళాసీలు ఎవరి బస్తా ముందు ఎత్తాలో, లారీ ఎవరి గుమ్మంలో ఆగాలో చెప్పేది ఆయనే. ఆ కుర్చీలో కూర్చున్న గున్నయ్య సావుకారు లేవడం మరిచిపోయాడు. ఎన్నికలు లేక కాదు. మూడేళ్లకోసారి కల్యాణమండపంలో అందరూ చేరేవారు, ఎవరో ఆయన పేరు చదివేవారు, ‘ఇష్టమైనవాళ్లు చేతులెత్తండి’ అనేవారు. గున్నయ్య ఎదురుగా కూర్చుని ఒక్కొక్క చెయ్యీ చూసుకునేవాడు. అలా చూస్తూంటే ఎత్తకుండా ఉండేదెవరు?

ఒకసారి ఆదిశేషు వాళ్లు ఎత్తకుండా ఉండి చూశారు. దుకాణానికి ఒక్క ఓటు, అది లైసెన్సు ఎవరి పేర ఉంటే వాళ్లది. ఆదిశేషు ఎత్తొద్దన్నాడని బుల్లి చెయ్యి ఎత్తలేదు. ఆ ఎండాకాలమంతా కళాసీల కళ్లకి బుల్లి ట్రేడర్స్ ఆనలేదు. సరుకు గుమ్మంలోనే పడి ఉండి, అకాలవర్షానికి తడిసి బూజు పట్టింది. లారీ గుమ్మంలో ఆగక, మిగిలిన బస్తాలు మొగుడూ పెళ్లాలే రైలు స్టేషనుకి మోశారు. బుల్లి నడుం అప్పుడే పట్టేసింది. ఇప్పటికీ ముగ్గు వెయ్యడానికి వంగితే గోడ పట్టుకుని లేస్తుంది.

అప్పటి నుంచి ఆదిశేషుకి ఒకటే పట్టుదల. ఈ బజారులో ఓటు గుట్టుగా పడాలి, ఎవరూ భయపడి చెయ్యెత్తకూడదు. కాగితం మీద పేరు రాద్దామంటే కుదరదు. ఎవడి సున్నా ఎలా ఉంటుందో, ఎవడి మూడు ఎటు వంకర తిరుగుతుందో చీటీలు చూసి చూసి బజారంతటికీ తెలుసు. గుర్తులు అచ్చేయిద్దామంటే ప్రెస్సు గున్నయ్య మేనల్లుడిది. చివరికి పిక్కలే దిక్కయ్యాయి. మనిషికొక చింతపిక్క, ఒక కుంకుడుపిక్క. తెర వెనక గుడ్డ కట్టిన రెండు ఇత్తడి బిందెలు. నచ్చినవాడి పిక్క ఒకదాన్లో, అక్కర్లేనిది రెండోదాన్లో వెయ్యాలి. ఖాళీ చేతులతో బయటికి రావాలి. గున్నయ్య దీన్ని విని నవ్వి, సరే కానివ్వమన్నాడు. పిక్కలతో తన కుర్చీ కదులుతుందని ఆయన అనుకోలేదు.

పోటీకి మోహన్‌ని నిలబెట్టింది ఆదిశేషే. చింతపిక్క అతనిది, కుంకుడుపిక్క గున్నయ్యది. మోహన్‌ది పప్పుల కొట్టు. తండ్రి పోయాక ఆదిశేషు పక్కన కూర్చుని బేరం నేర్చుకున్నవాడు. చుట్టరికం ఏమీ లేకపోయినా మావయ్యా, అత్తా అని పిలుస్తాడు. నామినేషన్ నాడు వీళ్లింట్లోనే భోంచేశాడు.

“మావయ్యా, నాను గెలిస్తే ఈ బజార్లో ఎవులూ ఎవుల మొకం సూసీ సెయ్యెత్తక్కర్నేదు. పిక్కల ఓటే రూలు సేసెత్తాను. అన్నం ముందు కూకుని సెప్తన్నాను,” అన్నాడు.

బుల్లి అతనికి ఇంకో గరిటె పప్పు వడ్డించింది.

ఓటు రోజున విస్తళ్ల కొట్టు చిలకమ్మ తెర వెనక నుంచి చేతులు దులుపుకుంటూ వచ్చి, “ఏటోలా ఉందే అమ్మీ. నా మనసులో మాట నాకొక్కద్దానికే తెలిసినట్టుంది,” అంది బుల్లితో. ఆ మాటకి ఆదిశేషు కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. చింతపిక్కల కుప్పే పెద్దదయింది. కుంకుడుపిక్కల కుప్పా చిన్నదేం కాదు. గున్నయ్య కండువా దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఇక బజారు సంబరం చెప్పనలవి కాదు. టపాసులు, ఫ్లెక్సీలు, వాట్సాప్ గ్రూపు నిండా దండలేసుకున్న మోహన్. నిన్నటిదాకా గున్నయ్య మాటే వేదమన్నవాళ్లు “మేం ముందునుంచీ మోహన్ వైపే” అన్నారు. అందరి మాటా నమ్మితే ఆ కుంకుడుపిక్కలు వాటంతటవే బిందెలోకి దూకి ఉండాలి. కళాసీలు ఒడియాలో “నూఆ సభాపతి” అంటూ కొత్త ప్రెసిడెంటుకి దండాలు పెట్టి, మొదట బుల్లి ట్రేడర్స్ బస్తాలే ఎత్తారు. ఆదిశేషు ఆ పూట బోణీ కాకముందే నన్ను పిలిచి టీ ఇప్పించాడు.

కొన్నాళ్లకి మోహన్ వచ్చి బస్తా మీద కూర్చున్నాడు.

“మావయ్యా, కుంకుడుపిక్క ఎవులెవులేసుంతారు?”

“ఎవులేస్తే నీకేటి? గెలిసేవు కదా.”

“అందరూ మొకం మీద నవ్వుతున్నారు. లోపలేటుందో తెల్డం నేదు.”

“తెలకూడదనే కదా బిందెలెట్టేం,” అని ఆదిశేషు పెద్దగా నవ్వాడు. మోహన్ నవ్వలేదు. ఆ ముక్క ఆదిశేషు పట్టించుకుని ఉండాల్సింది.

చింతపండు సీజను ముమ్మరంలో కొత్త ప్రెసిడెంటు మొదటి సభ పెట్టాడు. పిక్కల ఓటుని రూలు చేస్తాడని ఆదిశేషు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాడు. ఓటు లేకపోయినా, టిఫిన్లు పెడతారని నేనూ వెళ్లాను. వేదిక మీద మోహన్ పక్కన గున్నయ్య కూర్చుని ఉన్నాడు. గౌరవ సలహాదారట.

మోహన్ మైకు అందుకున్నాడు. “మనందరం ఒక కుటుంబం. కుటుంబంలో దాపరికం ఏటండి? పిక్కలేసి ప్రెసిడెంటుని ఎన్నుకున్నారని కొరాపుట్‌లో మనోళ్లే నవ్వుతున్నారు. ఇకనుంచి పాత పద్ధతే, బాహాటంగా. ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తండి.”

ఆదిశేషు లేచి నిలబడ్డాడు. “మోహన్, మా ఇంట అన్నం ముందు కూకుని ఏటన్నావు?”

“మావయ్యా, కూకో. నీకిక్కడ ఓటు నేదు కదా. ఓటు అత్తది.”

మండపంలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఎక్కి వచ్చిన నిచ్చెనని తన్నేసేవాళ్లని చూశాను గానీ, నిచ్చెన పట్టుకున్నవాణ్ణి నలుగురిలో ఇలా తన్నినవాణ్ణి చూడలేదు. నాకే ఒళ్లు మండిపోయింది. చేతులు లేస్తున్నాయి. పిక్కల ఓటు కావాలని ఆదిశేషు వెంట తిరిగినవాళ్ల చేతులే ముందు లేచాయి. చిలకమ్మ తల వంచుకుని ఎత్తింది. వేదిక మీద ఇద్దరూ వరసలు చూసుకుంటూ వచ్చారు. మోహన్ చూపు బుల్లి దగ్గర ఆగింది.

బుల్లి ఒక చెయ్యి నడుం మీద ఆనించుకుని రెండో చెయ్యి ఎత్తింది.

“దించు,” అన్నాడు ఆదిశేషు.

ఆవిడ దించలేదు. లెక్క అయిందన్నాకే దించింది.

ఇంటికి నడుస్తూ ఆదిశేషు గోల పెట్టాడు. “ఆడు నమ్మించి గొంతు కోసేడు. ఆడంటే పరాయోడు. నువ్వెలాగెత్తేవు, బుల్లీ? మన దుకాణం సెయ్యి లేవకూడదనే కదా ఇన్నాళ్లూ సచ్చేను.”

“రేపు లోడుంది. నా నడుం ఇంకోపాలి మొయ్యనేదు,” అంది బుల్లి.

దుకాణం గుమ్మం దాకా వచ్చాక ఆయన ఆగాడు. ఎప్పుడూ రాని అనుమానం అప్పుడొచ్చినట్టుంది. వెనకే వస్తున్న నేనూ ఆగిపోయాను.

“ఆ రోజు తెర ఎనకాల నువ్వు ఏ పిక్క ఏసేవు?”

బుల్లి తాళం తీస్తూ ఆయన మొహంలోకి చూసింది.

“సెప్పకూడదని రూలెట్టింది మీరే కదండీ,” అని లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు కళాసీలు అందరికంటే ముందు బుల్లి ట్రేడర్స్ బస్తాలే ఎత్తారు. బోణీ అయింది. ఆదిశేషు ఎవరితోనూ మాట్లాడలేదు.