కాలు చూపితేనే కందిపప్పు

ఆండర్సన్‌పేటలో కిరాణా కొట్టు నడిపే శేషాచలం శెట్టికి మనుషుల ముఖాలతో పనిలేదు. ఆయన చూసేది పాదాలు. కొట్టుకు ఎవరొచ్చినా ముందు అరికాలు ఎత్తి చూపించాలి, ఆ తర్వాతే తక్కెడలో పప్పు పడుతుంది.

"అరకిలో బెల్లం ఇయ్యప్పా" అని గౌరమ్మ అడిగితే, "కాలెత్తమ్మా" అనేవాడు. అంతెందుకు, కొడుకు సంబంధం మాట్లాడటానికి బంగారుపేట వెళ్లినప్పుడు, పెళ్లికూతుర్ని వదిలేసి ఆమె తండ్రి మడమ వైపే చూస్తూ కూర్చున్నాడు మహానుభావుడు.

"అయ్యా, ఆ పగులు ఎన్నాళ్లనించి ఉండాది? చక్కెర జబ్బుకు టెస్టు చేయించినారా?"

కాబోయే వియ్యంకుడు కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు. ఆ సంబంధం కుదర్చడానికి శెట్టి భార్య దాక్షాయణి మరో మూడుసార్లు వాళ్ల గడప తొక్కాల్సి వచ్చింది.

పేటంతా కాళ్లెత్తుతున్నా ఎత్తనివాడు ఒక్కడే, రామాంజినప్ప. దగ్గర్లోని చాంపియన్ రీఫ్స్ బంగారు గనిలో ముప్పై ఏళ్లు పనిచేసి, గని మూతపడ్డాక ఇంటిపట్టున ఉన్నాడు. చక్కెర జబ్బు వచ్చి పదేళ్లయింది. మాత్ర గుర్తొచ్చిన రోజే వేసుకుంటాడు. కాళ్లకు స్పర్శ బాగా తగ్గింది. అదేమని అడిగితే దిగులుపడాల్సింది పోయి మీసం దువ్వుతాడు.

"ముప్పై ఏండ్లు గని బూట్లలో నానిన కాళ్లప్పా ఇవి. రాయి పడినా తెలీదు. గనోళ్ల కాళ్లంతే."

పేటలోని పాత గనివాళ్లలో సగం మంది అలాగే చెప్పుకునేవారు. కాళ్లు మొద్దుబారడం వాళ్లకొక బిరుదు. శెట్టికి మాత్రం ఆ మాట వింటే ఒళ్లు మండేది.

"బూట్లు కాదప్పా, చక్కెర. నరాలు తినేస్తాది. పుండు పడినా నొప్పి తెలీదు. నొప్పి లేదని నువ్వు చూడవు. ఇంగ అది లోపలికి పోతా ఉంటాది. కాలెత్తు."

"నా కాలు నీకెందుకు చూపల్ల? నువ్వు పప్పు అమ్ముకో."

"అయితే పప్పు లేదు."

రామాంజినప్పకు పౌరుషం పొడుచుకొచ్చింది. మూడు వారాలపాటు ఎండనపడి రాబర్ట్‌సన్‌పేట దాకా నడిచి సరుకులు తెచ్చుకున్నాడు.

ఉగాది ముందు రోజు అలా సంచీ ఊపుకుంటూ కొట్టు ముందు నుంచే పోతున్నాడు. అతను అడుగేసిన చోటల్లా సిమెంటు గట్టు మీద తడి మరక పడుతోంది. శెట్టి చూశాడు. తూకం వదిలేశాడు, కిక్కిరిసిన పండగ బేరం వదిలేశాడు, వీధిలో మోకాళ్ల మీద కూలబడి రామాంజినప్ప చీలమండ పట్టుకున్నాడు.

"వదలప్పా, నలుగురూ చూస్తా ఉండారు."

"చూడనీ."

చెప్పు ఊడదీస్తే, అట్టలోంచి పొడుచుకొచ్చిన మేకు. బొటనవేలి కింద రూపాయి బిళ్లంత పుండు. రామాంజినప్ప వంగి చూసి శెట్టి భుజం పట్టుకున్నాడు. గనిలో ఎన్నడూ భయపడని మనిషి అప్పుడు భయపడ్డాడు.

శెట్టి కొట్టు మూసేసి అతన్ని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ఇంకో వారం ఆగుంటే వేలు తీసేయాల్సి వచ్చేదనీ, ఇలాగే అశ్రద్ధ చేస్తే కళ్లూ మూత్రపిండాలూ కూడా దెబ్బతింటాయనీ డాక్టరు చీవాట్లు పెట్టాడు. ఎలాగైతేనేం, వేలు దక్కింది.

కట్టు కట్టించుకుంటూ రామాంజినప్ప అడిగాడు.

"ఈ కాళ్ల పిచ్చి నీకు యాడ అంటుకున్నెది శెట్టీ?"

శెట్టి తన బూటూ మేజోడూ విప్పాడు. ఎడమ పాదానికి మూడు వేళ్లే ఉన్నాయి. ఇరవై ఏళ్లుగా గల్లాపెట్టె వెనక కూర్చున్న మనిషి పాదాలు పేటలో ఎవరూ చూడలేదు.

"అప్పుడు నన్ను కాలెత్తమనేటోడు లేకపాయె" అన్నాడు.

రామాంజినప్ప ఆ పాదం వైపు చూసి శెట్టిని ఒక బూతు తిట్టి ఊరుకున్నాడు.

పుండు మానిన మర్నాడు పొద్దున్నే కొట్టుకొచ్చి, ఎవరూ అడక్కుండానే అరికాలు చూపించాడు. శెట్టి తృప్తిగా తలాడించి తక్కెడ అందుకోబోయాడు.

"ఉండప్పా, తూకం తరవాత. ఇప్పుడు నీది ఎత్తు."

వెనకున్న గౌరమ్మ సంచీ కింద పెట్టి, "అవునప్పా, మేమూ చూడల్ల కదా" అంది.

శెట్టి గొణుక్కుంటూనే బూటు విప్పి కాలెత్తాడు. బేరానికి వచ్చినవాళ్లంతా వంగి చూశారు.