మనిషెత్తులో

మొన్న ద్వారకా నగర్‌లో మా ఆఫీసావిడ కూతురి పెళ్ళికి వెళ్ళాను. కల్యాణ మండపం ముందు ఫొటోగ్రాఫర్ తన డ్రోన్‌ను నేల మీద పెట్టి స్టార్ట్ చేశాడు. ముందు సన్నగా, చెవిలో దోమ దూరినట్టు గీపెట్టింది. నేల వదిలిన క్షణాన దాని గొంతు మారింది, బరువెక్కింది. అందరూ తలలెత్తి ముచ్చటపడుతున్నారు. నేను మాత్రం చేతిలోని కూల్‌డ్రింక్ గ్లాసు కుర్చీ మీద పెట్టేసి, భోజనం కూడా చేయకుండా వచ్చి ఆటో ఎక్కాను. ఏమైందే అని ఆవిడ ఫోన్ చేసి అడిగితే తలనొప్పి అన్నాను. అబద్ధాలాడటం నాకు బాగానే వచ్చు. ఇప్పుడు రాస్తున్నది అలాంటి ఒక అబద్ధం గురించీ, దాన్ని విన్న మనిషి గురించీ.

ఆయన పేరు గఫూర్. అందరూ గఫూర్ బాయ్ అనేవారు, నేను చాచా అనేదాన్ని. వన్ టౌన్ సందులో ఆయనకు మోటార్లు వైండింగ్ చేసే కొట్టుండేది. రెండు సందుల అవతల ఒక షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో నేను గుమస్తాని. ముప్పై నాలుగేళ్ళు, పెళ్ళి లేదు, రోజంతా ఓడల కాగితాల మీద ముద్రలు కొట్టడం, సాయంత్రం మద్దిలపాలెం బస్సులో నిలబడి ఇంటికి పోవడం. బతుకు మీద అంత విసుగు పుట్టిన రోజుల్లో, ఆన్‌లైన్‌లో కనిపించిందని అరచేతి వెడల్పున్న రిమోట్ హెలికాప్టర్ కొన్నాను. “నీకిదేం పిచ్చే, చిన్నపిల్లవా?” అంది అమ్మ. ఎందుకు కొన్నానో ఈరోజుకీ సరిగ్గా చెప్పలేను. మొదటి రోజే బీచ్‌లో ఇసుకలో కూలబడింది. మా ఇంటి మిక్సీ బాగుచేసిన మనిషే కదా అని దాన్ని కర్చీఫులో చుట్టుకుని చాచా దగ్గరకు వెళ్ళాను.

“ఎంతసేపు ఎగరేసినావమ్మా?” అన్నాడు, నవ్వు ఆపుకుంటూ.

“ఎగరడం ఎక్కడిదండీ? లేచింది, పడింది.”

“పడతన్నప్పుడు రిమోట్ పుల్ల ఎటు తోసినావు?”

“పైకి.”

“అదిగో. అందరూ అదే సేత్తారు. పడిపోతాదన్న భయంతో ఇంకా ఎత్తుతారు. అది ఇంకా తిక్కగా పోయి ఇంకా గట్టిగా గుద్దుకుంటాది. సెయ్యి దాటిపోయిందని తెలిసినాక దించెయ్యాల, పడనియ్యాల. అడుగు ఎత్తునించి పడితే ఏటవుద్ది?”

ఆ మాట ఆయన నాకు కనీసం వందసార్లు చెప్పి ఉంటాడు. నా చెయ్యి ఒక్కసారీ వినలేదు.

ఆ మనిషికి హెలికాప్టర్ల పిచ్చి ఎప్పుడు పట్టుకుందో గాని, కొట్టు మీది డాబా అంతా వాటి రెక్కలు, తోకలే. ప్రతి ఆదివారం పొద్దున నన్ను రమ్మనేవాడు. వెదురు బద్దలు రెండు అడ్డంగా కట్టి, నాలుగు చివర్లా టేబుల్ టెన్నిస్ బంతులు గుచ్చి, నా హెలికాప్టర్ కాళ్ళకు బిగించాడు. ఒరిగినా రెక్క నేలకు తగలకుండా. రెండు నెలల పాటు ఎగరడం మాటే లేదు. గచ్చు మీద ముందుకీ వెనక్కీ జార్చడమే. పక్క డాబా మీద బట్టలారేసే ఆవిడ “ఏటి బాయ్, నీ శిష్యురాలు గచ్చు తుడుత్తందా?” అని వెటకారం చేసేది. నాకు ఒళ్ళు మండేది. చాచా మాత్రం “తుడవనీయమ్మా, మీ డాబా కూడా తుడుత్తాది” అనేవాడు.

ఏ మోటారు తెచ్చినా ఆయన ముందు విప్పేవాడు కాదు. స్క్రూడ్రైవర్ మొనను దాని మీద పెట్టి, పిడిని చెవి వెనక ఎముకకు ఆనించి, కళ్ళు మూసుకుని వినేవాడు. బేరింగు పోయిందో, తీగ కాలిందో అలాగే చెప్పేసేవాడు. నాకూ అదే నేర్పాలని చూశాడు. “సూడకమ్మా, ఇను. నేల మీద ఉన్నంతసేపూ అది ఉత్త గోల. బరువు ఎత్తిందంటే గొంతు మారుద్ది. కళ్ళు మూసుకున్నా నాను సెప్పేత్తాను, లేసిందో నేదో.” నేను సరేనని తలూపి, కళ్ళప్పగించి చూస్తూనే ఉండేదాన్ని.

చాచా కళ్ళ సంగతి ఆయన భార్య జైనబ్ చాచీ వల్ల తెలిసింది. ఆయనకు గ్లాకోమా. చూపు పక్కలనుంచి మూసుకుపోతోంది, డాక్టర్లు ఇక వెనక్కి రాదన్నారు. ఆయన నాలుగేళ్ళుగా చేతులారా తయారు చేసుకున్న పెద్ద హెలికాప్టర్ ఒకటి ఉండేది, మూరెడు పొడుగు, పసుపు రంగు. తోకకు గొడుగు ఊచలు, లోపల పాత ప్రింటరు పళ్ళచక్రాలు. అది కొంచెం పక్కకు జరిగితే ఆయనకు మాయమైపోతోంది. అందుకే దాన్ని ఎగరేయడం మానేశాడు. ఒక ఆదివారం టీ తాగుతూ దాన్ని నా ముందు పెట్టాడు.

“నాను ఎగరేసినన్నాళ్ళూ దాన్ని సూసిందే నేదమ్మా. ఎక్కడ పడిపోతాదో అన్న బెంగే గాని, సూపు ఎక్కడిది? ఒక్కసారి కుర్సీలో తీరిగ్గా కూసుని సూడాలనుంది. మనిషెత్తులో అలగ నిలబెట్టు సాలు. నా కళ్ళుండగా.”

నాకు అప్పటికి చిన్నదాన్ని మోకాలెత్తున కాసేపు నిలపడం వచ్చింది. వద్దనాల్సింది. ఇంకో రెండు నెలలు ఆగుదామనాల్సింది. పొగరు, ఇంకేం కాదు. ఆయన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, ఉతికిన చొక్కా వేసుకుని మరీ. హెలికాప్టర్ లేచింది, నడుమెత్తు దాకా వచ్చింది. అంతలో సముద్రపు గాలి తోకను కొట్టి, దాని ముక్కు నావైపు తిప్పింది. ముక్కు మనవైపు తిరిగితే కుడీ ఎడమా తారుమారవుతాయి. నాకు తెలుసు, తెలిసీ ఎటు తోయాలో అటు తోయలేదు. “దించెయ్యమ్మా, వదిలెయ్!” అని ఆయన అరుస్తూనే ఉన్నాడు. నేను ఎత్తాను. అది పైకి లేచి, పిచ్చెక్కినట్టు వెళ్ళి నీళ్ళ ట్యాంకుకు గుద్దుకుంది. రెక్కలు, తోక, లోపలి ఇరుసు, అన్నీ పోయాయి.

ఆయన తిట్టినా బాగుండేది. మోకాళ్ళ మీద కూర్చుని, కనిపించే కాస్త చూపుతో ముక్కలు ఏరుకున్నాడు. “బాగు సేత్తాను, ఏటవనేదు” అన్నాడు. నాలుగు నెలలు పట్టింది. నేను చేస్తానంటే ముట్టుకోనివ్వలేదు. మిగిలిన చూపంతా ఆ పళ్ళచక్రాల మీద, సూది మొనంత స్క్రూల మీద ఖర్చు పెట్టాడు. చివరి స్క్రూలు తడుముకుని బిగించాడని చాచీ చెప్పింది. నేను మోటు చేత్తో విరగ్గొట్టకపోయి ఉంటే, ఆ నాలుగు నెలలూ ఆయన దాన్ని చూస్తూ గడిపేవాడు. ఈ లెక్క నేను ఎన్ని రకాలుగా వేసుకున్నా నా తప్పు తగ్గదు.

తయారైందని కబురంపితే వెళ్ళాను. అదే కుర్చీ, అదే చొక్కా. ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి, నేను నిలబడింది మాత్రం ఒకవైపు, ఆయన నవ్వింది ఇంకోవైపు.

“పూర్తిగా పోనేదమ్మా. ఎలుగు తెలత్తంది. ఎగరెయ్, ఇంటాను.”

రిమోట్ పట్టుకున్నాను. ఇది మళ్ళీ విరిగితే బాగుచేసే కళ్ళు లేవు. విరిగిన చప్పుడు ఆయన వింటాడు. ఆ చప్పుడు వినిపించడం నావల్ల కాదనుకున్నాను. రెక్కలు తిప్పాను, అంతే. లేపలేదు. పసుపు హెలికాప్టర్ గచ్చు మీదే నిలబడి గీపెడుతోంది.

“లేసిందా?” అన్నాడు.

“లేచింది చాచా.”

“ఎంతెత్తు?”

“మనిషెత్తు.”

ఆయన మొహం మెల్లగా పైకెత్తాడు, సరిగ్గా మనిషెత్తుకి. అక్కడ ఏమీ లేదు. అక్కడే చూపు నిలిపి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. “అబ్బ, ఎంత నిబ్బరంగా నిలబెట్టినావమ్మా!” అన్నాడు. దండెం దగ్గర బట్టలు తీస్తున్న చాచీ ఆగిపోయి నన్ను చూసింది, గచ్చు మీద హెలికాప్టర్‌ను చూసింది. మళ్ళీ బట్టలు తీసుకోసాగింది.

ఆ తరువాత నేను ఆ సందులోకి వెళ్ళడం తగ్గించాను. పని ఎక్కువైందన్నాను, అదీ అబద్ధమే. వర్షాకాలంలో ఆయన గుండె ఆగిపోయింది. నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థనకి పిలిస్తే వెళ్ళాను. వచ్చేటప్పుడు చాచీ పసుపు హెలికాప్టర్‌ను పాత దుప్పట్లో చుట్టి నా చేతిలో పెట్టింది.

“నువ్వు ఎగరేసినావని వచ్చినోళ్ళందరికీ సెప్పీవోడమ్మా.”

నాకు దుఃఖం ఆగలేదు. “చాచీ, ఆరోజు నేను...”

“నాను ఆయనకేటీ సెప్పనేదు,” అంది ఆవిడ నా చెయ్యి పట్టుకుని. “సెప్పక్కర్నేదు కదమ్మా. ఆయన సెవి నీకు తెల్దా?”

తెలుసు. అన్ని ఆదివారాలూ నాకు చెప్పిన మాట అది. నేల మీది ఉత్త గోలను ఆయన మొదటి క్షణంలోనే పోల్చుకుని ఉంటాడు. అయినా మొహం ఎత్తాడు. పాదాల దగ్గర గీపెడుతున్న అబద్ధాన్ని వింటూ, నేను చెప్పిన ఎత్తుకి తల ఎత్తి పెట్టాడు, నా పరువు పోకూడదని.

ఇప్పుడు నాకు వచ్చు. కసిగా నేర్చుకున్నాను. చెయ్యి దాటితే దించేయడమూ వచ్చింది. ఆదివారం పొద్దున్నే బీచ్‌కి పోయి, ఇసుకలో చాప పరిచి, దాని మీద నుంచి పసుపు హెలికాప్టర్‌ను లేపుతాను. గొంతు మారుతుంది. మనిషెత్తులో బల్ల మీద పెట్టినట్టు నిలబడుతుంది. వాకింగ్‌కి వచ్చినవాళ్ళు ఆగి సెల్‌ఫోన్లలో తీసుకుంటారు, బాగా ఎగరేశారండీ అంటారు. ఆ మెచ్చుకోలు నాకు విషంలా ఉంటుంది. కుర్చీలో కూర్చుని చూడాల్సిన ఒక్క మనిషీ లేడు.

“లేచింది చాచా,” అంటాను పైకే. “మనిషెత్తు.” ఎవరూ తల ఎత్తరు. బ్యాటరీ అయిపోయేదాకా దాన్ని అలాగే పట్టి ఉంచుతాను.