ఒడి మారిన పాప

నేను సెల్ టవర్ల పని చేస్తాను. నిరుడు వానాకాలంలో ఖమ్మం నుంచి భద్రాచలం పోయే బస్సులో ఒక పెద్దావిడ నా పక్కన కూర్చుంది. భద్రాచలం దవాఖానాలో కాన్పైన కూతురితో ఫోన్‌లో మాట్లాడుతోంది. పాల్వంచ దాటి అడవిలోకి వచ్చినా మాట తెగలేదు. ఫోన్ పెట్టేసి నాతో మాట కలిపింది, నా పని సంగతి చెప్పాక అడిగింది.

"ఇంతకుముందు ఈ మలుపు కాడ కట్టయ్యేది. ఇప్పుడు అయితలేదు. ఏం చేసిండ్రు సారూ?"

బస్సు కదిలేకొద్దీ ఒక టవర్ మన మాటను ఇంకో టవర్‌కు అప్పగిస్తుందని చెప్పాను. మునుపు ఇది వదిలాకే అది పట్టుకునేది, ఆ సందులో మాట జారిపోయేది. ఇప్పటి పద్ధతి ఎట్లా చెప్పాలో తోచక ఆగిపోయాను.

అప్పటికే మా సీటు పక్కన నిలబడ్డ ఒకామె, అడగకుండానే తన పసిపాపను పెద్దావిడ ఒళ్లో పెట్టి కడ్డీ పట్టుకుంది. సారపాక వచ్చింది, ఇక గోదావరి దాటితే భద్రాచలమే. పైనున్న సంచి దింపుకోవడానికి లేవబోతూ పెద్దావిడ పాపను నా వైపు చాపింది.

"పట్టుకున్నరా?"

"అవ్, పట్టుకున్న."

అయినా వదల్లేదు. పాప తల కింద నా అరచెయ్యి ఉందో లేదో వేళ్లతో తడిమి చూసి, అప్పుడు చేతులు తీసింది.

"గిట్లనేనా సారూ, మీ టవర్లు?"

"గిట్లనే," అన్నాను.

గోదావరి వంతెన దాటేదాకా పాప నా ఒళ్లోనే నిద్రపోయింది.

ఇప్పటికీ కొత్త టవర్‌ను పరీక్షించేటప్పుడు, కాల్ అటు నుంచి ఇటు మారే క్షణంలో, నా అరచెయ్యి తనంతట తానే తెరుచుకుంటుంది.