అక్క మా ల్యాబ్ చూసిన రోజు

అమ్మ పోయాక నన్ను పెంచింది మా అక్కే. ఆమెను వడ్డేపల్లి దగ్గరి పల్లెకు ఇచ్చి పెళ్లి చేశారు. ఏటా విత్తన పత్తి చేలలో క్రాసింగ్ పనికి, పూలకు చేత్తో పుప్పొడి అద్దడానికి, పోయేది. రొమ్ములో గడ్డ తగిలితే సీజన్ అయ్యాక చూసుకుందామని ఎవరికీ చెప్పలేదు. నాకూ చెప్పలేదు. నేను హైదరాబాదులో పనిచేస్తున్నది ఆ జబ్బు మీదే, రొమ్ము క్యాన్సర్ మీద. కంటికి కనిపించనంత చిన్న బంగారు రేణువులు తయారుచేసి, వాటికి మందు అంటించి, గడ్డ ఉన్నచోటికే పంపాలని మా ప్రయత్నం.

చివరికి బయటపడి హైదరాబాదులో వైద్యం మొదలైంది. మూడో కీమో అయిన మర్నాడు, ఊరికి పోయేముందు ల్యాబ్ చూస్తానంది. తలకు కొంగు చుట్టుకుని వచ్చింది. రేణువులు కలిపిన నీళ్ల సీసా చేతికిచ్చాను.

"బంగారమంటివి, ఎర్రగున్నదేందే?"

"అంత సన్నగైతే గిట్లనే కనిపిస్తదక్కా."

కంప్యూటర్‌లో ఒక ఎలుక స్కాన్ చూపించాను. రేణువులు చేరడంతో గడ్డ తెల్లగా మెరుస్తోంది. అక్క చాలాసేపు అక్కడినుంచి కదల్లేదు.

"గీ మందు నాకు పెట్టరాదా?"

"మనుషులకింక రాలేదక్కా. ఏండ్లు పడ్తది."

"ఎలుకకు తగ్గిందా మరి?"

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయాను.

"గడ్డ జర తగ్గింది. గానీ మందు ఏడికి పోయిందో చూడనీకి దాన్ని సంపి కోసినం. శానా మటుకు కార్జంలనే ఆగిపోయింది."

"పాపం, దానికేం తెల్సు" అని సీసా జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది. తర్వాత గద్వాల బస్సు ఎక్కింది.

వానలు మొదలయ్యేసరికి రోగం ఎముకలకు పాకింది. పక్క మీద తిరగలేకపోయేది. నొప్పి మాత్రలు కూడా పనిచేయని దశలో, నా చేయి పట్టుకుని, "నువ్వు బో చెల్లె, నీ పని ఖరాబైతది" అనేది. నేను పోలేదు. పన్నెండు రోజులు ఆ ఊళ్లో ఆమె పక్కనే ఉన్నాను. ఒక మధ్యాహ్నం నేను గంజి తాగిస్తుండగానే ప్రాణం పోయింది.

పదో దినం నాడు అక్క ఆడబిడ్డ నా పక్కన వచ్చి కూర్చుంది.

"నువ్వు క్యాన్సర్ మందే జేస్తవంట గదా. మీ అక్కకెందుకు ఇయ్యకపోతివి?"

ఇంకా పరీక్షల్లోనే ఉందని, మనుషులకు ఇవ్వడానికి అనుమతి లేదని నిదానంగా చెప్పాను. తలూపింది. నమ్మలేదని తెలుస్తూనే ఉంది.

పని మానలేదు. కానీ ఊళ్లో ఎవరైనా ఏం చేస్తుంటావని అడిగితే, కాలేజీలో పిల్లలకు పాఠాలు చెప్తానంటున్నాను.