అట్ట మీద మారిన చెయ్యి

నేను కోతలు కోస్తనని మేడ్చల్‌ల అందరికి ఎరుకే. శామీర్‌పేట చెరువుల ఓ చేప నా కుంచె మింగి ఏడు రంగుల గుడ్లు పెట్టిందంటే నమ్మినోళ్లున్నరు. గిది మాత్రం కోత గాదు. కోతే అయితే నాకింత కోపమెందుకొస్తది?

చేపలు పట్టేటోళ్ల కథల పుస్తకానికి బొమ్మలన్నీ నేనే వేసిన. అట్ట మీదికి వల అల్లే ఒక అవ్వను గీసిన. అలియాబాద్ రోడ్డు మీద చేపలమ్ముతది. ఆమె ఎడమచేతికి రెండు వేళ్లు లెవ్వు. "మొఖం గీసుకో బిడ్డా, గీ చెయ్యెందుకు?" అని ఎన్నో రోజులు ఒప్పుకోలె. పొద్దుగాల్ల పోయి తట్ట పక్కన కూసుంటుంటి. ఆఖరికి, "ఉన్నదున్నట్టె గియ్యాలె మల్ల" అన్నది. మాటిచ్చిన.

అత్వెల్లి ప్రెస్సుల పుస్తకాలు కట్టలు కట్టినంక అట్ట చూసిన. ఎడమకు చూసే అవ్వ కుడికి చూస్తాంది. లేని వేళ్లు కుడిచేతికి పోయినయ్. కొంగు సుత కుడి భుజమెక్కింది.

పుస్తకమేసినాయన ఆడనే ఉన్నడు. "ఏందన్నా గిది?" అన్న.

"అట్ట మీది మనిషి పుస్తకం తెరిచే దిక్కు చూడాలె. అందుకే తిప్పిన."

"తిప్పనీకి అది తలుపా? మనిషి!"

"గంత కనిపెట్టి ఎవరు చూస్తరే?"

"అవ్వ చూస్తది."

"ఆమెకు సదువొస్తదా?"

నాకు ఒళ్లు మండింది. "రాదు! సదువు రానోళ్లకు అట్టనే మొత్తం పుస్తకం."

"మస్తున్నది మాట. ఎనక అట్ట మీద వేద్దామా?" అని నవ్విండు.

"నా పేరు తీసెయ్!" అని ఒర్లిన. "ఇంకోపారి అచ్చేస్తే తీసేస్త తియ్" అన్నడు, జర సేపన్న ఆలోచించకుంట. అది ఇంకింత మండింది.

ఒక పుస్తకం గుంజుకోని అవ్వ కాడికి పోయిన. నీళ్లల్ల కుడిఎడమ మారిన నీ నీడను గీసిననని చెప్దామని తొవ్వ పొడుగూత ఓ కోత అల్లుకున్న. అవ్వ అట్ట పక్కన ముందు ఒక చెయ్యి పెట్టి చూసింది, తర్వాత ఇంకోటి.

"ఎడమది బాగైంది, మంచిదే. మరి కుడిది పోతె చేపలు దేనితోని కోస్త బిడ్డా?"

అల్లుకున్న కోత నోట్లెకెల్లి రాలె. "అచ్చేసేటోళ్లు తిప్పిన్రవ్వా."

"అచ్చెయ్యకముందు నువ్వు చూడలేదా?"

చూడలె. ఒక్కపారి చూపెట్టున్రి అని అడగనన్న లేదు. ఆయన మీద అంత ఒర్లిన గని, ఆమెకు మాటిచ్చింది ఆయన గాదు.

"లేదవ్వా" అన్న.

పుస్తకం నా చేతిల పెట్టి, ఆమె గిరాకీ దిక్కు తిరిగింది.